ఇంజిన్ పవర్ పెంచే ముందు బ్రేకు సంగతి చూడాలి

సంపాదక మహాశయులకు నమస్కారం.

నేను చెన్నై పుదుప్పేటలో ముప్పై ఏళ్లుగా సిలిండర్ బోరింగ్ పని, అంటే బండి ఇంజిన్‌లో పిస్టన్ ఆడే గొట్టాన్ని లోపల తరిచి సరిచేసే పని చేస్తున్నాను. చదువుకుంటూనో, డెలివరీ పనులు చేసుకుంటూనో ఇక్కడ ఉంటున్న మన తెలుగు పిల్లలు వారానికి ఇద్దరు ముగ్గురైనా 100 సీసీ బండి తెచ్చి, "అన్నా, పెద్ద పిస్టన్ వేసి పికప్ పెంచి పెట్టు" అని అడుగుతుంటారు. మోడిఫై చేసిన బండ్లను పోలీసులు పట్టుకున్నప్పుడు పత్రికల్లో ఫొటోలు వస్తున్నాయి గానీ, ఆ ఇంజిన్ లోపల ఏం జరుగుతుందో ఎవరూ రాయడం లేదు. అందుకే ఈ లేఖ.

బోరు (ఆ గొట్టం లోపలి వ్యాసం) 50 మి.మీ., స్ట్రోకు (పిస్టన్ పైకీ కిందకీ కదిలే దూరం) 49.5 మి.మీ. ఉన్న ఇంజిన్ 97.2 సీసీ అవుతుంది. 0.25 మి.మీ. చొప్పున పెరుగుతూ వచ్చే ఓవర్‌సైజు పిస్టన్లు అరిగిన బోరును సరిచేయడానికి ఉద్దేశించినవి. ఒక మిల్లీమీటరు పెద్దది వేసినా లెక్క 101 సీసీ దగ్గరే ఆగుతుంది, ఆ నాలుగు సీసీల తేడా రోడ్డు మీద తెలియదు. 54 మి.మీ. పిస్టన్ ఎక్కిస్తే 113 సీసీ వస్తుంది నిజమే, కానీ లైనర్ (సిలిండర్ లోపలి ఇనుప గొట్టం) గోడ చుట్టూ 2 మి.మీ. పలచబడుతుంది, వేడి పెరుగుతుంది.

నేను కాదన్న ఒక కుర్రవాడు వేరే చోట ఈ పని చేయించుకుని, నెల తిరగకుండానే సిలిండరును గోనెసంచిలో వేసుకుని నా దగ్గరికి వచ్చాడు. పిస్టన్ పక్కల నిలువునా లోతైన గీతలు పడ్డాయి, కరిగిన అల్యూమినియం బోరు గోడకు పూతలా అంటుకుపోయింది. ఇటుక రంగులో ఉండవలసిన ప్లగ్గు మొన సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది, అంటే ఇంజిన్ మితిమీరి వేడెక్కిందన్నమాట. వేడికి అల్యూమినియం పిస్టన్ ఇనుప లైనర్ కంటే ఎక్కువగా ఉబ్బుతుంది కనుక మధ్యలో మిల్లీమీటరులో వందో వంతుల లెక్కన క్లియరెన్స్ (సందు) కొలిచి వదలాలి. అక్కడ ఎవరూ కొలవలేదు. పైగా ఎయిర్ ఫిల్టరు తీసేసి, పొగను అడ్డులేకుండా వదిలే ఫ్రీ ఫ్లో సైలెన్సర్ బిగించి, కార్బురేటర్‌లో పెట్రోలు వదిలే మెయిన్ జెట్ మాత్రం పాతదే ఉంచారు. గాలి ఎక్కువై పెట్రోలు చాలక ఇంజిన్ కాగిపోయింది. పూందమల్లి హైరోడ్డు మీద వేగంగా వెళ్తుండగా పిస్టన్ పట్టేసి, వెనక చక్రం బిగుసుకుని, పిల్లవాడు కిందపడి మెడ కింది ఎముక విరగ్గొట్టుకున్నాడు. వెనక లారీ లేకపోవడం వాళ్ల అమ్మ చేసుకున్న పుణ్యం.

ఇంజిన్ బాగానే కుదిరిందనుకున్నా బ్రేకు పాత డ్రమ్మే కదా. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోలిస్తే 80 దగ్గర బండిని ఆపడానికి అది మింగవలసిన శక్తి దాదాపు 1.8 రెట్లు. పవర్ అడిగే పిల్లల్లో బ్రేకు లైనర్ల (డ్రమ్ములో ఒరుసుకునే పట్టీల) గురించి అడిగినవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు.

చట్టం మాట కూడా పిల్లలకు తెలియదు. కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ ప్రకారం యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు.

అయినా వేగం మీద మోజు తప్పని నేను అనను, ఆ వయసులో నాకూ ఉండేది. శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో రేసు ట్రాక్ 1990 నుంచి ఉంది. చిన్న బండ్ల కోసం అక్కడ నెలకు ఒక్క రోజైనా పేద పిల్లలు కట్టగలిగే రుసుముతో కేటాయించాలని నిర్వాహకులను వేడుకుంటున్నాను. బోరు కొలిచే గేజి పట్టుకోవడం, ప్లగ్గు రంగు చదవడం నేర్పే తరగతులు ఐటీఐలు సాయంత్రం వేళ పెడితే, జీతం అడగకుండా వచ్చి నేర్పడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
ఒక బోరింగ్ పనివాడు,
పుదుప్పేట, చెన్నై.