కారు సీటు బట్ట: మగ్గం కన్నా ముందు పరీక్షాగారం

సంపాదకులకు నమస్కారం.

సిరిసిల్ల సాంచాలకు (మరమగ్గాలకు) ఏడాది పొడవునా పని దొరకాలంటే చీరలతో పాటు కార్ల సీట్ల బట్ట కూడా నేయించాలని, పెనుకొండలో ఏటా 3 లక్షల కార్లు తయారు చేయగల కియా కర్మాగారం ఉండగా గిరాకీకి కొదవేమిటని ఈ మధ్య తరచూ వింటున్నాం. కార్ల లోపలి బట్టల రూపకల్పన విభాగంలో చాలాకాలం పనిచేసినవాడిగా ఈ ఆలోచనను నేను కొట్టిపారేయను. అయితే ఈ మాట అంటున్నవారు మగ్గాలను లెక్కపెడుతున్నారే తప్ప బట్ట సంగతి చూడడం లేదు. పాలిస్టర్ నేయడం వచ్చినంత మాత్రాన కారు బట్ట నేయడం వచ్చినట్టు కాదు.

సీటు మీద మన చేతికి తగిలేది నిజానికి మూడు పొరల సరుకు. పైన నేసిన లేదా నిట్టింగ్ చేసిన (ఉచ్చులుగా అల్లిన) పాలిస్టర్, మధ్యలో కొద్ది మిల్లీమీటర్ల మందాన పాలీయురెథేన్ ఫోమ్, అడుగున పల్చటి నిట్ బట్ట ఉంటాయి. ఫోమ్ పైభాగాన్ని మంటతో లిప్తపాటు కరిగించి, ఆ జిగటతోనే పొరలను అతికిస్తారు. మంట పరీక్షకు వెళ్లేదీ ఈ అతికించిన ముక్కే. అమెరికా ప్రమాణం ప్రకారం 356 మి.మీ. పొడవు, 102 మి.మీ. వెడల్పు గల ముక్కను అడ్డంగా బిగించి, ఒక చివర 15 సెకన్ల పాటు మంట తగిలిస్తారు. ఆ మంట నిమిషానికి 102 మి.మీ. కన్నా వేగంగా పాకకూడదు. మన ఐఎస్ 15061 ప్రమాణం పరీక్ష కూడా ఇదే తరహాలో సాగుతుంది. కొత్తగా దిగినవారు దెబ్బతినేది ఇక్కడే. విడిగా ఉన్న పాలిస్టర్ బట్ట మంట తగలగానే కరిగి, ముడుచుకుని వెనక్కి పోతుంది కాబట్టి పరీక్షలో గట్టెక్కుతుంది. అదే బట్టను ఫోమ్‌కు అతికించాక ముడుచుకుపోయే వీలుండదు, మంట నిలబడి పాకుతుంది. మగ్గం దగ్గర ఎంత చక్కగా నేసినా ఈ సంగతి బయటపడదు.

ఎండ పరీక్ష మరొకటి. అద్దాల వెనక గంటల తరబడి వేడెక్కే సీటుకు వెలుతురు, వేడి రెండూ కలిసి హాని చేస్తాయి కాబట్టి, అమెరికా వాహన ఇంజనీర్ల సంఘం పద్ధతిలో ఎండను పోలిన వెలుగునిచ్చే జినాన్ దీపం కింద, వేడిని కొలిచే నల్ల ఫలకం 89 డిగ్రీల సెల్సియస్‌కు చేరేలా ఉంచి రంగు నిలకడను చూస్తారు. చీరకు వాడే మామూలు డిస్పర్స్ రంగులు (పాలిస్టర్‌కు అద్దే రంగులు) ఈ పరీక్షకు ఆగవు. వెలుతురును తట్టుకునే ప్రత్యేక రంగులు, అతినీల లోహిత కిరణాలను పీల్చుకునే రసాయనాలు కావాలి, లేదంటే నూలు తయారీలోనే రంగు కలిపిన దారం కొనాలి. రాపిడి పరీక్షలో సీటు బట్టను వేల సార్లు రుద్దుతారు. పడుగుకు పెట్టిన గంజి, దారానికి పట్టిన నూనె సరిగా కడగకుండా వదిలేస్తే అవి వేడికి ఆవిరై ముందు అద్దానికి మసకగా పట్టుకుంటాయి. దీనికోసం నమూనాను 100 డిగ్రీల వద్ద వేడి చేసి, పైన చల్లగా ఉంచిన గాజు పలకకు ఎంత పొర పట్టిందో కొలిచే పరీక్ష కూడా ఉంది. చీర నేసేవారికి ఈ బెడద ఎన్నడూ ఎదురుకాదు.

డిజైన్ మాటకొస్తే, పోచంపల్లి నమూనాలను సీట్ల మీదికి ఎక్కించాలన్న సలహా వినడానికి బాగుంటుంది. కానీ చీరకు అందం తెచ్చే పెద్ద నమూనా సీటుకు నష్టం తెస్తుంది. అది కుడి సీటులో ఏ చోట వస్తుందో ఎడమ సీటులోనూ అక్కడే రావాలి, కుట్టు దగ్గర గీతకు గీత కలవాలి, ఆ కలపడంలో కత్తిరింపు కింద బట్ట వృథా అవుతుంది. చిన్న చిన్న గళ్లు, చుక్కలు, ఏటవాలు గీతలే సీట్లపై ఎక్కువగా కనిపించడానికి ఇదొక కారణం. రంగు విషయం ఇంకా చిక్కు. షోరూమ్ దీపాల కింద ఒకటిగా కనిపించిన సీటు బట్ట, తలుపు ప్లాస్టిక్ ఎండలోకి రాగానే వేర్వేరు ఛాయల్లో కనిపించవచ్చు. ఆ మోడల్ అమ్మకంలో ఉన్నన్నేళ్లూ ప్రతి లాటూ అదే ఛాయలో రావాలి. అలాగని డిజైనర్లు కార్ల రంగంలోనే పుట్టిపెరగాలని నేననను. 1976లో వచ్చిన ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ సీట్లకు ఇప్పటికీ చెప్పుకునే గళ్ల బట్టను రూపొందించిన గున్‌హిల్డ్ లిల్యెక్విస్ట్ అంతకుముందు పింగాణీపై బొమ్మలు వేసేవారు. హైదరాబాద్‌లోని ఫ్యాషన్ విద్యాసంస్థ నిఫ్ట్‌లో చదివిన పిల్లలూ, పోచంపల్లి నేత కుటుంబాల పిల్లలూ ఈ పని నేర్వగలరు. నేర్పే చోటే లేదు.

ఇంకో మాట కూడా దాచకుండా చెప్పాలి. సిరిసిల్లలోని సాదా సాంచాలలో ఎక్కువ భాగం ఈ పనికి పనికిరావు. సీటు బట్టకు వెడల్పైన రేపియర్ మగ్గాలు (నాడెకు బదులు కడ్డీతో పేక దారాన్ని లాగేవి), వాటిపై నమూనా నేసే డాబీ లేదా జకార్డ్ పరికరం కావాలి. పైగా సీటు బట్టలో చాలా భాగం ఇప్పుడు నేత కాదు, నిట్టింగే. ఖరీదైన మోడళ్లలో బట్ట స్థానాన్ని లెదరెట్ (కృత్రిమ తోలు) ఆక్రమించింది. ఇక మన కొనుగోలుదారులు షోరూమ్ నుంచి నేరుగా కవర్ల దుకాణానికి వెళ్లి, ఎంతో శ్రమించి తయారైన బట్టను రెక్సిన్ కింద కప్పేస్తారు. సీటు పక్కనుంచి తెరుచుకోవాల్సిన ఎయిర్‌బ్యాగుకు ఆ కవరు అడ్డమవుతుందని అడిగేవారు తక్కువ. కార్ల కంపెనీలను సిరిసిల్ల బట్ట కొనమని అడగడమూ వృథాయే. కారు విడుదలకు ఏళ్ల ముందే రంగు, బట్ట ఖరారవుతాయి, అప్పటికే ఆమోదం పొందిన మిల్లు నుంచే సీట్ల తయారీదారు కొంటాడు.

కేంద్రం సాంకేతిక జౌళి (అలంకరణకు కాక వాహనాలు, వైద్యం వంటి పనులకు వాడే బట్టలు) కోసం గతంలో నెలకొల్పిన 8 ప్రావీణ్య కేంద్రాలు ముంబయి, ఠాణె, అహ్మదాబాద్, ఇచల్‌కరంజి, కోయంబత్తూరు, గాజియాబాద్‌లలో ఉన్నాయి. వాటిలో వాహనాల బట్టల కోసమంటూ ప్రత్యేకంగా ఒక్కటీ లేదు, తెలుగు నేలపై అసలే లేదు. మంట పెట్టె, జినాన్ దీపం గది, రాపిడి యంత్రం, గాజు పలక పరీక్ష సామగ్రి ఉన్న పరీక్షాగారాన్ని వరంగల్ దగ్గరి కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కులో పెట్టి, చిన్న ఆసామి (కొద్ది మగ్గాల యజమాని) కూడా నామమాత్రపు రుసుముతో నమూనా పరీక్షించుకునే ఏర్పాటు చేయాలి. మగ్గాలకు ఇచ్చే రాయితీ ఆ తర్వాతి సంగతి.

మొదటి ఆర్డరు కోసం పెనుకొండ దాకా పోనక్కరలేదు. 2017 నుంచి బతుకమ్మ చీరలు నేయించిన రాష్ట్ర ప్రభుత్వానికే ఆర్టీసీ బస్సులున్నాయి. బస్సు సీటు బట్టలో ఫ్యాషన్ మార్పులు తక్కువ, రంగులు కొన్నే, కొనేవాడు ఒక్కడే. మంట పరీక్ష మాత్రం దానికీ తప్పదు. 2013లో పాలెం వద్ద బస్సు దగ్ధమై 45 మంది చనిపోయిన రాష్ట్రంలో, దానికి కారణం సీటు బట్ట కాకపోయినా, బస్సు లోపల మంట ఎంత వేగంగా పాకుతుందో కొలిచే పని మనకు పరాయిది కాకూడదు. వచ్చే చీరల ఆర్డరుతో పాటే ఒక డిపో బస్సులకు సరిపడా సీటు బట్టను, పరీక్షలో నెగ్గితేనే బిల్లు చెల్లిస్తామన్న షరతుతో, సిరిసిల్లలో రేపియర్ మగ్గాలున్న ఆసాములకు అప్పగించాలని చేనేత, జౌళి శాఖను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు
ఒక విశ్రాంత జౌళి ఇంజనీరు
హనుమకొండ