అణాలిచ్చి చంపించినా కుక్కలు తగ్గలేదు

సంపాదకుల వారికి,

బరంపురంలో కుక్కల బెడద గురించి మీ పత్రికలో వస్తున్న ఉత్తరాలు చదువుతున్నాను. బ్రిటిష్ కాలంలోలా వాటిని చంపించేస్తే పీడ వదులుతుందని కొందరు పెద్దలు రాశారు. భయం నిజమే. చీకటిపడ్డాక ట్యూషన్ నుంచి పిల్లలు ఇల్లు చేరేదాకా తల్లులు గుమ్మంలోనే నిలబడుతున్నారు. అయితే, చంపడం వల్ల ఆ రోజుల్లో కుక్కల పీడ వదిలిందన్న మాట మాత్రం నిజం కాదు.

బొంబాయిలో కంపెనీ ప్రభుత్వం ఏటా ఎండాకాలంలో వీధికుక్కల్ని చంపించేది. 1832లో ఆ గడువును పొడిగించారు. చంపిన కుక్కకు ఎనిమిది అణాలు. అప్పట్లో అర్ధరూపాయి అంటే మాటలా? డబ్బాశకు ఇళ్లలో దూరి పెంపుడు కుక్కల్ని కూడా లాక్కుపోయారు. కుక్కను పవిత్రంగా చూసే పారసీలు జూన్ 6న తిరగబడ్డారు. హిందువులు, జైనులు, ముస్లింలు కూడా తోడయ్యారు. బజారు మూతపడింది, పటాలం దిగింది. కుక్కలు మాత్రం బొంబాయిని వదిలిపోలేదు.

మద్రాసు కథ ఇంకా పొడుగు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా మన బరంపురమూ మద్రాసు కిందే ఉంది కాబట్టి అది పరాయి కథేమీ కాదు. 1860 ప్రాంతంలో అక్కడి కార్పొరేషన్ మొదలుపెట్టిన కుక్కల వధ స్వాతంత్య్రం వచ్చాక కూడా సాగింది. 1990ల నాటికి రోజుకు వందకు పైగా చంపాల్సి వచ్చేది. నూట ముప్పై ఏళ్లు చంపినా ఇంకా చంపాల్సినవి మిగిలాయంటే ఆ పద్ధతి గురించి వేరే చెప్పాలా? చివరికి 1996లో కుక్కలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు, రేబిస్ టీకాల దారి పట్టారు. చెత్తకుప్ప దగ్గర తిండి దొరికినంత కాలం ఒక కుక్క పోతే పక్క వీధిది వచ్చి చేరుతుంది. పోయింది టీకా వేసిన కుక్క, వచ్చింది వెయ్యని కుక్క అయితే మనకే నష్టం.

పిచ్చికుక్క కాటుతో వచ్చే రేబిస్ నుంచి మనుషుల ప్రాణాలు నిలబెట్టింది సూదిమందు. 1885లో పాశ్చర్ దాన్ని తొలిసారి ఒక పిల్లాడికి వేశాడు. మన దేశంలో 1900లో హిమాలయాల్లోని కసౌలిలో, 1907లో నీలగిరుల్లోని కూనూరులో పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లు వచ్చాయి. కూనూరు రాకముందు గంజాం మనిషికి ఆ మందు కావాలంటే కసౌలి దాకా రైలెక్కాల్సిందే. ఎంతమందికి ఆ స్తోమత ఉండేది? తర్వాత గొర్రె మెదడుతో చేసిన మందు వచ్చింది. బొడ్డు చుట్టూ ఆ సూదులంటే నా వయసువాళ్లకు ఇప్పటికీ టెన్షనే. 2004లో దాని తయారీ ఆపేశారు. ఇప్పుడు చేతికే, నాలుగైదు సార్లు వేస్తే సరిపోతుంది.

అయినా మన పల్లెల్లో కరిచిన చోట కారం, సున్నం అద్దుతున్నారు, పసరు మందుకు పరుగెడుతున్నారు. ముందు పావుగంట సేపు సబ్బుతో, ధారగా పోసే నీళ్లతో కడగాలని ఎవరు చెప్పారు వాళ్లకి? రక్తం వచ్చిన గాయానికి టీకాతో పాటు, అది పనిచేసేలోగా కాపాడే ఇమ్యునోగ్లోబులిన్ అనే మందు కూడా పడాలి. మా బంధువుల పిల్లాడిని తీసుకెళ్తే ఒక పల్లె ఆస్పత్రిలో అది లేదని టౌన్‌కి పంపేశారు. ఆ పూటంతా బస్సుల్లోనే గడిచింది. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక ఇక చేయగలిగిందేమీ ఉండదు కాబట్టి, ఇలాంటి ఆలస్యం మామూలు ఆలస్యం కాదు.

ఊళ్లోని కుక్కల్లో 70 శాతానికి ఏటా టీకా పడితే రేబిస్ వాటి మధ్య పాకడం ఆగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కార్పొరేషన్‌వారు వార్డులవారీగా టీకా తేదీలు ప్రకటించాలి. ఒడియాతో పాటు తెలుగులోనూ బోర్డులు పెట్టాలి. ఇక్కడ తెలుగు ఇళ్లు తక్కువేం కావు. మాంసం దుకాణాల వెనక వ్యర్థాలను రాత్రికి రాత్రే ఎత్తించాలి. మా వీధిలో ఏ కుక్క ఎక్కడ పడుకుంటుందో కుర్రాళ్లకు తెలుసు. బండి వస్తే పట్టి ఇవ్వడానికి వాళ్లు సిద్ధంగా ఉన్నారు, వచ్చే రోజు ముందుగా చెబితే చాలు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచర్,
బరంపురం, గంజాం జిల్లా