బండి సిగ్నల్ దగ్గర ఆగిపోతోందా? ముందు పైపులు చూడమనండి

సంపాదకులు గారికి,

మాది 2005 మోడల్ పెట్రోల్ కారు. మదనపల్లె నుంచి వచ్చి కె.ఆర్.పురంలో ఉంటున్నాం. మామయ్యను ఆసుపత్రికి తీసుకెళ్లాలన్నా, సరుకులు తేవాలన్నా నేను నడిపేది ఆ బండే. ఈమధ్య సిగ్నల్ దగ్గర ఆపితే చాలు, ఇంజిన్ వణికేది. 800 దగ్గర నిలకడగా ఉండాల్సిన ఆర్‌పీఎం ముల్లు 500కి జారేది, మళ్లీ లేచేది, ఒక్కోసారి బండే ఆగిపోయేది. టిన్ ఫ్యాక్టరీ దగ్గర వెనక బస్సు హారన్ మోగిస్తుంటే, పక్కన పెద్దాయనను కూర్చోబెట్టుకుని మళ్లీ మళ్లీ తాళం తిప్పడం ఎంత నరకమో పడినవాళ్లకే తెలుసు.

గ్యారేజీలో ప్లగ్గులు మార్చారు, ఇంజిన్‌లోకి గాలిని వదిలే తలుపుండే థ్రాటిల్ బాడీ కడిగారు, కాలు తీసినప్పుడు గాలిని సరిచేసే ఐడిల్ వాల్వు కొత్తది వేశారు. వణుకు తగ్గలేదు. స్కానర్ పెట్టి, లోపం చూపే కోడ్ ఏమీ రావట్లేదు, ఇక ఈసీఎం (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) మార్చాలి, లేదంటే బండి స్క్రాప్‌కి ఇచ్చేయండి మేడమ్ అన్నారు. మన దేశంలో కార్లకు ఓబీడీ (బండే తన లోపాన్ని కనిపెట్టి కోడ్‌గా చూపే ఏర్పాటు) నిబంధన 2010 నుంచి దశలవారీగా వచ్చింది. అంతకుముందు బండిలో కోడ్ రాలేదంటే లోపం లేదని కాదు. రబ్బరు పైపు పగిలిన సంగతి ఆ కంప్యూటర్‌కు ఎవరు చెబుతారు? బ్రేక్ మీద కాలు పెట్టినప్పుడే వణుకు ఎక్కువని మొదటి రోజే చెప్పాను. గ్యారేజీవాళ్లు ఫిర్యాదులు రాసుకునే జాబ్ కార్డులో ఆ మాటే లేదు.

మా వీధి చివర చిన్న షెడ్డు నడిపే పెద్దాయన మాత్రం బానెట్ ఎత్తకముందే అడిగారు: "ఎప్పుడు వణుకుతోందమ్మా? పొద్దున చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? ఏసీ వేస్తేనా, బ్రేక్ తొక్కితేనా?" తర్వాత ఇంజిన్ గాలి పీల్చే బలాన్ని కొలిచే వ్యాక్యూమ్ గేజి తగిలించారు. పుస్తకాల్లో 17 నుంచి 21 అంగుళాలు (పాదరసం లెక్కలో) అని రాసి ఉంటుందట, కానీ అది సముద్రమట్టం దగ్గర లెక్క. బెంగళూరు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి ఇక్కడ మూడు అంగుళాలు తీసేసి చూడాలన్నారు. అలా చూసినా మా బండి రీడింగ్ తక్కువే. అప్పుడు పట్టకారుకు గుడ్డ చుట్టి, ఇంజిన్ నడుస్తుండగానే ఒక్కో రబ్బరు పైపునూ నొక్కి వదులుతూ వచ్చారు. బ్రేక్ తొక్కడం తేలిక చేసే బ్రేక్ బూస్టర్‌కు వెళ్లే లావు పైపు నొక్కగానే ఇంజిన్ కుదురుకుంది. విప్పి నా చేతిలో పెట్టారు. క్లాంప్ పక్కన, కింది వైపు, చిటికెన వేలి గోరంత చీలిక. వంచితే తెరుచుకుంటోంది, వదిలితే మూసుకుంటోంది. పైనుంచి చూస్తే ఏమీ కనబడదు.

యాక్సిలరేటర్ మీద కాలు లేనప్పుడు థ్రాటిల్ దాదాపు మూసుకుని ఉంటుంది. ఇంజిన్ పీల్చేదే కొంచెం గాలి. అందులోకి ఈ చీలిక నుంచి లెక్కలో లేని గాలి చేరితే మిశ్రమం చెడుతుంది. వేగంగా పోయేటప్పుడు ఆ కాస్త గాలి ఒక లెక్కలోకే రాదు. అందుకే రోడ్డు మీద బాగా పోయే బండి సిగ్నల్ దగ్గర మొరాయిస్తుంది.

నన్ను భయపెట్టింది ఇది కాదు. బ్రేక్ పెడల్‌కు సాయం అందించేది ఆ పైపే. అది పూర్తిగా చిరిగితే పెడల్ రాయిలా బిగుసుకుపోతుంది. ఈసీఎం మార్చి వణుకు ఎలాగో సర్దేసి ఉంటే, ఆ పైపుతోనే మామయ్యను ఎక్కించుకుని హెబ్బాళ ఫ్లైఓవర్ దిగేదాన్ని.

పాత కార్లున్నవాళ్లు ఇంట్లోనే ఒక పరీక్ష చేసుకోవచ్చు. బండి న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఇంజిన్ ఆపి ఉండగా బ్రేక్ నాలుగైదు సార్లు తొక్కండి. తర్వాత నొక్కిపట్టి స్టార్ట్ చేస్తే పెడల్ కాస్త కిందికి దిగాలి. దిగకపోతే ఆ రోజే చూపించుకోండి. కొందరు లీకు కనిపెట్టడానికి వేడి ఇంజిన్ మీద పెట్రోల్ చల్లుతారు, దయచేసి ఒప్పుకోకండి. మంటలు అంటుకుంటాయి.

గ్యారేజీలవాళ్లకు నా విన్నపం: మేం చెప్పిన లక్షణం జాబ్ కార్డులో రాయండి. పార్టులు మార్చేముందు పైపులు పరీక్షించండి. విప్పిన పార్టు మా చేతికివ్వండి. పత్రికలో కొత్త కార్ల గురించి అంత వివరంగా రాస్తున్నారు, పాత బండ్ల మరమ్మతులకు కూడా వారానికో కాలమ్ కేటాయించమని మిమ్మల్ని కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు, కె.ఆర్.పురం, బెంగళూరు