ఇళ్లకు అనుమతి ఇచ్చే ముందు ఆ మట్టిని పరీక్షించండి

సంపాదకులు గారికి,

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు లోపలి పారిశ్రామికవాడల భూములను నివాస, వాణిజ్య అవసరాలకు మార్చుకోనిచ్చే విధానంపై మీ పత్రికలో వచ్చిన కథనాలను వదలకుండా చదివాను. 9,292 ఎకరాలకు కట్టాల్సిన రుసుము రిజిస్ట్రేషన్ విలువలో 30 శాతమా, 50 శాతమా, ఖజానాకు ఎంత వస్తుంది, ఎవరికి ఎంత మిగులుతుంది అన్న వాదనల మధ్య, ఆ నేలలో ఏం ఇంకి ఉందన్న ప్రశ్న ఎక్కడో అడుగున పడిపోయింది.

కాటేదాన్ పారిశ్రామికవాడ పక్కన ఏళ్లుగా కాపురం ఉంటున్నవాణ్ణి కనుక ఈ మాట రాయక తప్పడం లేదు. బ్యాటరీల తయారీ, లోహాల పోత, నికెల్, క్రోమియం పూత వేసే ప్లేటింగ్ షెడ్లు ఇక్కడి గల్లీలకు కొత్త కాదు. తొట్లు కడిగిన నీళ్లు పసుపుపచ్చగా మోరీ వెంట సాగిపోవడం, వానొస్తే అదంతా నూర్ మహమ్మద్ కుంటలో కలవడం మేమంతా చూసినదే. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఇక్కడి మట్టిని పరీక్షించి సీసం, క్రోమియం, నికెల్, జింక్, ఆర్సెనిక్ మోతాదు మించి ఉన్నాయని 2008లోనే ప్రచురించారు. పటాన్‌చెరు మట్టి గురించి అంతకు ముందే చెప్పారు. అన్నేళ్ల క్రితం తెలిసిన సంగతి మీద ఏ శాఖ ఏం చేసిందో ఒక్క అధికారి అయినా ప్రజలకు చెప్పాలి కదా!

మురుగునీరు పారిపోతుంది, పొగ గాలికి చెదిరిపోతుంది. సీసం అలా పోదు, కుళ్లదు, పై పొరల్లోనే దశాబ్దాలు నిలిచి ఉండి దుమ్ముతో పాటు ఇంట్లోకి వస్తుంది. పెద్దల ఒంటికి పట్టేదానికి నాలుగైదు రెట్లు పసిపిల్లల ఒంటికి పడుతుందని, ఇంత మోతాదు అయితే ఫరవాలేదనే హద్దే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రేపు అక్కడ అపార్టుమెంట్లు లేస్తే పార్కులో మట్టి పిసుక్కుంటూ ఆడుకునేది ఆ వయసు పిల్లలే. అంతకంటే ముందు సెల్లార్ల కోసం తవ్విన మట్టి ఎక్కడికి పోతుంది? ఈ నగరంలో రాత్రిపూట టిప్పర్లు మట్టిని ఏ కుంటలో గుమ్మరిస్తాయో, ఏ లోతట్టు ప్లాటును మెరక చేస్తాయో అందరికీ తెలుసు. అంటే ఒక చోటి విషాన్ని పది చోట్లకు మన చేతులతోనే పంచుతామన్నమాట.

మా పెరటి మట్టిని పరీక్షించమని ఒక కార్యాలయానికి వెళ్తే, వ్యవసాయ శాఖను అడగమని పంపేశారు. భూసార కార్డులో చూసే 12 అంశాల్లో నత్రజని, భాస్వరం, పొటాష్ ఉంటాయి గానీ సీసం, కాడ్మియం ఉండవన్న సంగతి కూడా తెలియనివారు మా ఆరోగ్యానికి పూచీ ఎలా పడతారు? పటాన్‌చెరు వ్యర్థజలాలను శుద్ధి చేయించడం చేతగాక 18 కిలోమీటర్ల పైపు వేసి అంబర్‌పేట మీదుగా మూసీకి మళ్లించిన పద్ధతే ఇంకా నడుస్తోంది: కంటికి కనపడకపోతే సమస్య తీరినట్టే లెక్క.

చట్టం లేదని ఇప్పుడు తప్పించుకోవడానికీ వీల్లేదు. కలుషిత స్థలాల నిర్వహణపై కేంద్రం 2025 జులైలో నిబంధనలు తెచ్చింది. అనుమానిత స్థలాల జాబితాను స్థానిక సంస్థలు, జిల్లా యంత్రాంగం ఇవ్వాలి, 90 రోజుల్లో ప్రాథమిక పరిశీలన జరగాలి, శుద్ధి ఖర్చు కలుషితం చేసినవారే భరించాలి. కాటేదాన్, బాలానగర్, జీడిమెట్ల పేర్లు ఆ జాబితాకు ఎక్కించారా, లేదా? ఎక్కించకపోతే ముందు ఆ పని చేయాలి. భూమార్పిడికి దరఖాస్తు చేసిన ప్రతి ప్లాటులోనూ యజమాని ఖర్చుతో, కానీ అతనితో సంబంధం లేని ప్రయోగశాలలో మట్టి పరీక్ష చేయించి, ఫలితాన్ని సర్వే నంబరు వారీగా బయటపెట్టాలి. ఆ కాగితం చేతికి వచ్చేవరకు ఏ ఒక్క నిర్మాణానికీ అనుమతి ఇవ్వకూడదు.

– ఒక పాఠకుడు, మైలార్‌దేవ్‌పల్లి, హైదరాబాద్