కొలవని అంకెలు రాయకండి

సంపాదకులకు నమస్కారం.

గత వారం మీ జిల్లా పేజీలో బోరుబావుల వార్త చదివాను. 'సుమారు వెయ్యి అడుగులు, అంటే 304.8 మీటర్లు వేసినా నీళ్లు పడలేదు' అని ఉంది. ఆ రైతు అప్పుల సంగతి చదివి మనసు కలుక్కుమంది. 304.8 దగ్గర మాత్రం ఆగిపోయాను. బోరు బండి వాళ్లు దించిన రాడ్లు లెక్కపెట్టి లోతు చెప్తారు. వెయ్యి అనేది అందాజా మాట. అడుగుకు 0.3048 మీటరు అన్న లెక్క కచ్చితమైనదే, కానీ దాంతో గుణించినంత మాత్రాన అందాజా మాట పది సెంటీమీటర్ల దాకా కచ్చితమైపోదు. 'సుమారు 300 మీటర్లు' అంటే సరిపోయేది.

నేను అనంతపురంలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. ఇంత చిన్నదానికి ఉత్తరం ఎందుకంటే, ఇదే తప్పు ఈ మధ్య మా ఇంట్లోకీ వచ్చింది.

మా మనవరాలు ఇంటర్ చదువుతోంది. మొన్న ప్రాక్టికల్ రికార్డు తెచ్చి నా ముందు పెట్టింది. సింపుల్ పెండ్యులం, అంటే దారానికి గుండు వేలాడదీసి ఊపే లోలకం ప్రయోగం. దారం పొడవు గుండు మధ్య వరకు 100.0 సెంటీమీటర్లు, 20 డోలనాలకు, అంటే 20 సార్లు అటు పోయి ఇటు రావడానికి, 40.2 సెకన్లు. డోలనానికి 2.01 సెకన్లు. దాన్నుంచి లెక్కగట్టి గురుత్వ త్వరణం, అంటే కింద పడే వస్తువు వేగం సెకను సెకనుకూ పెరిగే రేటు, 977 (సెం.మీ./సె²) అని రాసింది. దాన్ని ఎర్ర ఇంకుతో కొట్టేసి, పక్కన 'రెండు దశాంశాలు ఏవి?' అని రాసి మార్కు తగ్గించారు. పక్క పిల్ల కాలిక్యులేటర్‌లో వచ్చిన 977.1643673ను మొత్తం ఎక్కించింది, దానికి టిక్కు పడింది. "జేజీ, నేను కొలిచింది కొలిచినట్టే రాసినా. అది కూడా తప్పేనా?" అని అడిగింది. నాకు వెంటనే మాట రాలేదు.

దిద్దినవారి మీద నాకు కోపం లేదు. వందల రికార్డులు దిద్దే కష్టం నాకూ తెలుసు. కానీ ఒక్క లెక్క చేసి చూడమని వారిని వేడుకుంటున్నాను. ఆ స్టాప్‌వాచ్‌లో ఒక గీత అంటే 0.1 సెకను. పిల్ల బొటనవేలు కాస్త ఆలస్యమై 40.2కు బదులు 40.3 వచ్చిందనుకోండి, 977 కాస్తా 972కు పడిపోతుంది. ఒక్క గీతకే ఐదు తేడా! 977లో చివరి ఏడే అనుమానంగా ఉంటే, దాని తర్వాత ఏడు అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయి? కాలిక్యులేటర్ నుంచి వచ్చాయి, లోలకం నుంచి కాదు. 40.2లో సార్థక అంకెలు, అంటే కొలత నిజంగా చెప్పే అంకెలు, మూడే, కాబట్టి జవాబులోనూ మూడే నిలుస్తాయి. 20 మాత్రం కొలత కాదు, లెక్కపెట్టినది. అందులో రెండే అంకెలున్నాయని జవాబును రెండంకెలకు కుదించక్కర్లేదు. ఈ తేడా చెప్పకుండా ఏ సున్నా సార్థకమో, ఏది కాదో అనే రూల్స్ బట్టీ పట్టిస్తే పిల్లలు ఒక మార్కు ప్రశ్న రాస్తారు గానీ, ల్యాబ్‌లో చేతికి వాచీ ఇస్తే తికమకపడతారు. మధ్యలో వచ్చే విలువలకు ఒకటి రెండు అంకెలు ఎక్కువే ఉంచుకుని, చివర్లో ఒక్కసారే సవరించాలని కూడా వాళ్లకు చెప్పాలి.

మా నాయన ధర్మవరం దగ్గర సేద్యం చేసేవాడు. వాన వెలిసిన మరుసటి పొద్దున చేన్లోకి పోయి, మట్టి గీకి, తడి ఎంత లోతుకు దిగిందో చేత్తో చూసేవాడు. "జానెడు పదునైంది" అనో, "బెత్తెడే, ఇంకో వాన పడాల" అనో చెప్పేవాడు. శెనక్కాయ విత్తాలా వద్దా అన్నది ఆ మాట మీదే ఆధారపడేది. జాన అంటే తొమ్మిది అంగుళాలు కదా అని నేను 22.86 సెంటీమీటర్లు అని రాస్తే, ఆయన చెయ్యి చెప్పనిది నేను కలిపినట్టే. తన కొలత ఎంతవరకు నమ్మదగ్గదో ఆయనకు బాగా తెలుసు, అంతవరకే చెప్పేవాడు.

కొలిచిన సున్నాను తీసేయడమూ అంతే తప్పు. నగల అంగడిలో తక్కెడ 8.00 గ్రాములు చూపిస్తే, బిల్లులో ఉత్త 8 అని రాసిస్తే ఊరుకుంటామా? ఆ రెండు సున్నాలు గ్రాములో నూరో వంతు దాకా తూచామని చెప్పే సాక్ష్యం. మీరు వాన లెక్కలు వేసేటప్పుడు వర్షమాపకంలో 12.0 మిల్లీమీటర్లు వస్తే 12.0 అనే వేయండి. ఊళ్లో ఎవరో ఫోన్‌లో "ఒక అంగుళం పడింది" అంటే మాత్రం దాన్ని 25.4 చేయకండి. అంగుళం అనే ఉంచండి, లేదా సుమారు 25 అని రాయండి.

మా మనవరాలు ఆ పేజీలో 977ను మార్చలేదు. దాని కింద పెన్సిల్‌తో 40.2కు, 40.3కు రెండు లెక్కలూ చేసిపెట్టింది. సోమవారం రికార్డు మళ్ళీ చూపించాలట. సార్‌ను మర్యాదగా అడగమని, ఆ రెండు లెక్కలూ ఆయన ముందు పెట్టమని చెప్పి పంపుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత ఫిజిక్స్ లెక్చరర్, అనంతపురం