మీ లీగల్ రిపోర్టుకు కనబడని 1978 దస్తావేజు

గౌరవనీయులైన మేనేజరు గారికి,
ఫిర్యాదుల విభాగం.

విషయం: ఒడిశాలోని రాయగడలో ఇల్లు కొనడానికి మీరిచ్చిన 'టైటిల్ క్లియర్' (హక్కులో ఏ చిక్కూ లేదు) రిపోర్టు తప్పు. ఫీజు, అడ్వాన్సు వాపసు గురించి.

అయ్యా,

నేను రైల్వేలో గుమస్తాగా చేసి ఈ ఏడాదే రిటైరయ్యాను. మా తాత పార్వతీపురం వైపు నుంచి రైలు పట్టాల పని మీద రాయగడ వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మూడు తరాలు గడిచినా మాకు ఇక్కడ సొంత గోడ లేదు. క్వార్టరు ఖాళీ చేసే గడువు దగ్గర పడుతుంటే మార్చిలో, ఇళ్లు చూపించి కొనిపించే మీ కంపెనీ బ్రాంచికి వచ్చాను. 32 లక్షల ఇల్లొకటి చూపించారు. "లీగల్ అంతా మేమే చూసుకుంటాం, మీరు సంతకం పెట్టడమే" అన్నారు. అలా చూసుకున్నందుకు 18,000 రూపాయలు, ఇంటి ఓనరుకు అందజేస్తామని అడ్వాన్సు 2 లక్షలు తీసుకున్నారు. రెండు రసీదులూ మీ కంపెనీ పేరు మీదే ఉన్నాయి.

ఏప్రిల్‌లో రిపోర్టు చేతికొచ్చింది. ఇంగ్లీషులో పదకొండు పేజీలు. చివరి పేజీలో టైటిల్ క్లియర్ అని పెద్దక్షరాలతో ఉంది.

అందుకు మీరు చూపించిన ఆధారాలు మూడు కాగితాలు: 30 ఏళ్ల ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్ల జాబితా), ఇప్పటి ఓనరు 1991లో కొన్న దస్తావేజు, ఒడిశా ప్రభుత్వ భూరికార్డుల వెబ్‌సైటు భూలేఖ్ నుంచి తీసిన పట్టా ప్రింటు. ఈసీ మొదలైందే 1995 నుంచి. ఆయన కొన్నది అంతకు నాలుగేళ్ల ముందు. ఆ తర్వాత ఆయన ఎవరికీ అమ్మలేదు, తాకట్టు పెట్టలేదు. మరి ఈసీలో 'నిల్' అని కాక ఇంకేం వస్తుంది? దాన్ని ఏదో కనిపెట్టినట్టు రెండు పేజీలు రాశారు.

అసలు సంగతి 1991 దస్తావేజు రెండో పేజీలోనే ఉంది. అమ్మినాయనకు ఆ స్థలం 1978 నాటి దస్తావేజు ద్వారా వచ్చిందని నంబరుతో సహా రాసి ఉంది. మీ లాయరు గారు ఆ పేజీ జిరాక్సు మీద తన స్టాంపు కూడా వేశారు. ఆ నంబరు పట్టుకుని ఒక్క అడుగు వెనక్కి వెళ్లలేదు.

నేను వెళ్లాను. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దరఖాస్తు పెట్టుకుని 1978 దస్తావేజు సర్టిఫైడ్ కాపీ తీసుకున్నాను. అంతా ఒడియా చేతిరాత. నాకు ఒడియా మాట్లాడటం వచ్చు గానీ, దస్తావేజుల్లోని పాత రాత చదవలేను. పక్కింటి ఒడియా మాస్టారు చదివిపెడతానని మొదలుపెట్టి మొదటి పేరాలోనే ఆగిపోయారు. అమ్మిన మనిషి పేరు, తండ్రి పేరు, ఆ పక్కనే "జాతి: కంధ". అంటే ఆదివాసీ. కొన్నాయన ఆదివాసీ కాదు. అధికారి అనుమతి ఇచ్చినట్టు ఒక్క ముక్క ఆ దస్తావేజులో ఎక్కడా లేదు. కింద సంతకం లేదు, వేలిముద్ర ఉంది.

రాయగడ జిల్లా మొత్తం షెడ్యూల్డ్ ప్రాంతమని, అంటే ఆదివాసీల కోసం ప్రత్యేక నిబంధనలున్న ప్రాంతమని, ఇక్కడ బ్రాంచి పెట్టిన మీకు నేను చెప్పాలా? ఆదివాసీ భూముల అమ్మకాల మీద ఒడిశా తెచ్చిన 1956 నాటి 2వ నంబరు రెగ్యులేషన్ ప్రకారం, ఇక్కడ ఆదివాసీ భూమిని ఆదివాసీ కానివారు కొనాలంటే అప్పట్లో అధికారి రాతపూర్వక అనుమతి ఉండాలి. 2002 నుంచి అమలైన సవరణతో ఆ దారి కూడా మూసేశారు. అనుమతి లేని అమ్మకం చెల్లదు. భూమిని అసలు మనిషికో అతని వారసులకో తిరిగి ఇప్పించే అధికారం కూడా ఆ చట్టంలోనే ఉంది. ఇన్నేళ్లయిపోయింది కదా, ఇల్లు కట్టేశారు కదా అని కోర్టులో వాదించవచ్చేమో. అయితే ఆ వాదన చేయించాల్సింది నేను, నా రిటైర్మెంటు డబ్బుతో, ఈ వయసులో.

చట్టం మీద నాకే ఫిర్యాదూ లేదు. చదువు రాని మనిషి చేత వేలిముద్ర వేయించుకుని ఎకరాలు రాయించుకున్న కథలు మా ఇళ్లల్లోనే విన్నాను. ఆ మనిషి మనవడు రేపు వచ్చి గుమ్మం ముందు నిలబడితే "నువ్వెవరు" అనడానికి నాకు నోరు రాదు.

ఇదంతా మీ ఫీల్డ్ ఆఫీసరుకు చెబితే వచ్చిన జవాబు ఇది: "అందరూ ఇలాగే కొంటున్నారు అంకుల్, టెన్షన్ పడకండి. పట్టాలో ఓనరు పేరుంది కదా. రిజిస్ట్రేషన్ దగ్గర ఇబ్బందైతే అగ్రిమెంటు, జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ రాయించేద్దాం. ఇల్లు మీదైపోయినట్టే."

ఇల్లు నాదైపోదు. అమ్మకపు అగ్రిమెంటు వల్ల ఆస్తిలో ఏ హక్కూ పుట్టదని ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షన్ చెబుతోంది. పవర్ ఆఫ్ అటార్నీ, అగ్రిమెంటు పెట్టుకుని చేసే అమ్మకాలతో యాజమాన్యం రాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది. పట్టా విషయానికొస్తే, అది శిస్తు ఎవరు కట్టాలో రాసుకునే లెక్క. తహసీల్ ఆఫీసులో మ్యుటేషన్ అయి పేరు ఎక్కినంత మాత్రాన హక్కు లేనివాడికి హక్కు రాదు. ఇవన్నీ నేను రెండు నెలలుగా నలుగురిని అడిగి తెలుసుకున్నవి. మీరు రోజూ చేసే పని ఇదే.

బ్యాంకు లోను తీసుకుని ఉంటే వాళ్ల లాయరైనా పాత దస్తావేజు అడిగేవాడేమో. అప్పెందుకని చేతి డబ్బుతో కొనాలనుకున్నాను, అందుకే మిమ్మల్నే నమ్ముకున్నాను.

ఇంకో చిన్న విషయం. మీరిచ్చిన ఖర్చుల అంచనాలో స్టాంపు డ్యూటీ 5 శాతం వేశారు. ఇల్లు నా భార్య పేరు మీద అని మొదటి రోజే చెప్పాను. ఒడిశాలో ఆడవాళ్ల పేరు మీదైతే 4 శాతమే, రిజిస్ట్రేషన్ ఫీజు 2 శాతం అదనం. తేడా 32,000. మనిషిని చూడకుండా పాత కాగితం మీద అంకెలు మార్చి ఇచ్చారని అప్పుడే అర్థం కావాల్సింది నాకు.

ఇంటి ఓనరు మీద నాకు కోపం లేదు. 1978 కాపీ చూపిస్తే ఆయన ముఖం పాలిపోయింది. ఆయనకూ 1991లో ఎవరూ చెప్పలేదు. పైగా మీరు తీసుకున్న 2 లక్షల్లో తనకు అందింది లక్షేనని ఆయన అంటున్నారు. మిగతా లక్ష ఎక్కడుందో మీ జవాబులో రాయండి.

నేను అడిగేవి: 18,000 ఫీజు, 2 లక్షల అడ్వాన్సు పూర్తిగా నా ఖాతాలో వేయాలి. ఓనరుకు ఇచ్చిన లక్ష ఆయన దగ్గర వసూలు చేసుకోవడం మీ పని. టైటిల్ క్లియర్ అన్న రిపోర్టును రద్దు చేసినట్టు రాసివ్వాలి, అదే కాగితం చూపించి ఈ ఇంటిని మరొకరికి అంటగట్టకూడదు. మా జిల్లాలో మీరు ఇకపై ఇచ్చే రిపోర్టుల్లో మొదటి హక్కుదారు ఎవరు, ఆదివాసీ అయితే అనుమతి ఉందా లేదా అన్నది విడిగా రాయాలి.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో జవాబు రాకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌లో కేసు వేస్తాను. మీ హెడ్డాఫీసు ఎక్కడున్నా, నేనుండే జిల్లాలోనే వేసుకునే వీలు ఆ చట్టం ఇచ్చింది. రసీదుల నకళ్లు, మీ రిపోర్టు, 1978 దస్తావేజు కాపీ జతచేశాను. ఈ లేఖ స్పీడ్ పోస్టులో పంపుతున్నాను.

జవాబు తెలుగులో గానీ ఒడియాలో గానీ రాయండి. ఇంగ్లీషులో ఇంకో పదకొండు పేజీలు మాత్రం వద్దు.

ఇట్లు,
మీ కస్టమరు,
రాయగడ.