లైట్లు పెట్టండి, పండగయ్యాక విప్పండి కూడా

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న మీ పేపర్లో ఉత్తరాల దగ్గర ఒక పెద్దాయన రాశారు, డిసెంబరు వస్తే చాలు ఇళ్లకీ చెట్లకీ లైట్లు చుట్టి కరెంటు తగలేస్తున్నారు, ఆ డబ్బేదో లేనివాళ్లకి ఇవ్వచ్చు కదా అని. ఆయన మనసు మంచిదే, కాదనను. కానీ ఆయన లెక్క పాత బల్బుల కాలం నాటిదని నా అనుమానం. మా ఇంట్లో ఈ ఏడాది కట్టిన ఎల్ఈడీ తీగలు ఏడు, ఒక్కోటి ఐదు వాట్లని డబ్బా మీదే రాసుంది. సాయంత్రం ఆరింటికి వేసి పదకొండింటికి ఆపేస్తే రోజుకి పావు యూనిట్ కూడా కాలదు. మా ఆయన స్నానానికి పది నిమిషాలు గీజర్ వేస్తే అంతకంటే ఎక్కువవుతుంది, పైగా ఆపడం మర్చిపోతారు, అది వేరే ఉత్తరం.

మా చిన్నప్పుడు నిజంగానే ఖర్చుండేది. పేరుకే జీరో బల్బు, తాగేది పదిహేను వాట్లు. సీరియల్ సెట్ అయితే ఇంకా గోల, చిన్న బల్బులు నలభై దాకా ఒకే వరసలో కలిపి ఉంటాయి కాబట్టి ఒక్కటి మాడితే దండ మొత్తం చీకటి. దసరా ముందు రోజు పిల్లలమంతా చుట్టూ కూర్చుని, చేతిలో ఒక మంచి బల్బు పట్టుకుని, ఒక్కోదాన్నీ తీసి ఇది పెట్టి చూసేవాళ్లం, ఎక్కడ వెలిగితే అక్కడ దొంగ దొరికినట్టు. తీసి పెట్టేటప్పుడు ప్లగ్గు పీకమని నాన్న అరుస్తూ ఉండేవారు, మేం పీకేవాళ్లం కాదు, ఎలా బతికామో దేవుడికే తెలియాలి.

మేం ఉండేది సైనిక్‌పురిలో. ఇంటి ముందు కాస్త జాగా ఉంది, ఒక జామ చెట్టు, నందివర్ధనం, తులసికోట, కుండీల్లో చామంతులు. కార్తీకం నెలంతా తులసి దగ్గర నూనె దీపాలే, లైట్లు పెట్టను, ఆ పసుపు వెలుగు ముందు ఏ లైటూ నిలవదు. కార్తీకం అవగానే లైట్ల పెట్టె అటక మీద నుంచి దిగుతుంది. పక్కింటాయన మిలిటరీలో చేసి రిటైరైనవాడు, వాళ్లు క్రైస్తవులు, డిసెంబరు ఒకటో తారీఖు సాయంత్రానికల్లా మేడ మీద వెదురు బద్దలతో కట్టిన పెద్ద ఎర్ర స్టార్ ఎక్కిస్తారు. కొన్నది కాదు, బద్దలు చీలిస్తే రెండు రోజులు, కాగితం అంటిస్తే ఒక రోజు. ఆ ఎర్ర వెలుగు సరిగ్గా మా గేటు ముందు పడుతుంది. ధనుర్మాసం పట్టాక తెల్లవారుజామున ఐదింటికి నేను ముగ్గేసేది ఆ వెలుతురులోనే. మూడు రోజుల కిందట ఏమైందంటే, పద్మం ముగ్గేసి రేకుల్లో రంగులు నింపి లోపలికెళ్లి కాఫీ తాగి వచ్చేసరికి తెల్లారింది, చూస్తే సగం రేకులు ఎర్రగా, సగం తెల్లగా ఉన్నాయి. ఎర్ర లైటు కింద తెల్ల పొడీ ఎర్ర పొడీ ఒకేలా కనిపిస్తాయి కదా, ఒక డబ్బా అనుకుని రెండు డబ్బాలు వాడేశాను. పక్కింటావిడ చూసి పడీ పడీ నవ్వి, రేపటి నుంచి పొద్దున స్టార్ ఆపించేస్తానక్కా అంది. వద్దన్నాను. ఆ చలిలో, ఆ చీకట్లో అదొక తోడు.

గత ఆదివారం ఊరి మీద పడ్డాం, స్కూటర్ మీద, మా ఆయన మంకీ క్యాపు, నేను శాలువా. ముందు బొల్లారం వైపు వెళ్లాం, అక్కడ హోలీ ట్రినిటీ చర్చి ఉంది, 1847లో కట్టింది, 1983 నవంబరులో ఎలిజబెత్ రాణి దంపతులు వచ్చి ప్రార్థన చేసింది అక్కడే. అక్కడి నుంచి తిరుమలగిరి మీదుగా సికింద్రాబాద్ సెయింట్ మేరీస్. అది 1850 నాటిది, 2008లో బసిలికా హోదా వచ్చింది. గోపురాల అంచుల వెంట సన్నగా లైట్లు, గోడ గోడలా కనిపిస్తుంది, ఆ మాత్రం చాలు. చివరికి ట్యాంక్‌బండ్. ఎదురుగా సెక్రటేరియట్, నీళ్ల మధ్యలో బుద్ధుడు, అవతల దీపం ఆకారంలో కట్టిన అమరవీరుల స్మారకం. నీళ్లలో పడిన వెలుగు అసలు దానికంటే బాగుందని ఆయనన్నారు, గాలి లేని రోజు కాబట్టి నిజమే. దారిలో ఒక మాల్ కూడా చూశాం, నాలుగంతస్తుల ప్లాస్టిక్ చెట్టు, దాని ముందు సెల్ఫీలకి లైను, లైట్లకి వీపు చూపిస్తూ అందరూ. నాకు మాత్రం లోతుకుంట దగ్గర ఒక సందులో, రేకుల ఇంటి చూరుకి వేలాడుతున్న, చేత్తో చేసిన స్టార్ ఒకటి ఇంకా కళ్లలోనే ఉంది, ఒక మూల కాగితం చిరిగితే కేలండర్ కాగితం అతికించారు, దాని వెనక బల్బు వెలుగుతుంటే ఆ మూల మీద తారీఖులు కనిపిస్తున్నాయి.

ఇక్కడిదాకా సంతోషం. అసలు ఈ ఉత్తరం రాసింది తర్వాతి సంగతికి.

మా వైపు మెయిన్ రోడ్డు మీద స్తంభాలకి ఎప్పుడో ఏదో ఉత్సవానికి మూడు రంగుల లైటు పట్టీలు చుట్టారు, పెట్టినవాళ్లు మళ్లీ ఇటు రాలేదు. ఇప్పుడు కొన్నిటికి ఆకుపచ్చ ఒక్కటే వెలుగుతుంది, కొన్ని టపటప కొట్టుకుంటాయి, ఊడినవి జనం తలల మీద వేలాడతాయి, వాన పడితే వాటి కింద నడవాలంటే టెన్షన్. ఏడాది పొడుగునా ఉంటే ఎవరు తలెత్తి చూస్తారు చెప్పండి. బస్టాపు దగ్గర కానుగ చెట్టు పరిస్థితి ఇంకా ఘోరం. రెండేళ్ల కిందట బిగించి చుట్టిన తీగ, మేకులు కొట్టి మరీ, విప్పలేదు. చెట్టు లావెక్కింది, తీగ లావెక్కదు కదా, బెరడు రెండు వైపులా ఉబ్బి తీగని మింగేసింది. వేలితో తడిమితే గాడి తగులుతుంది. ఆకుల్లో తయారైన ఆహారం వేళ్లకి దిగేది ఆ బెరడు లోపలి పొరలోంచే, అక్కడ ఉరి బిగిస్తే చెట్టు నెమ్మదిగా ఎండుతుంది. అది చాలదని ఈ డిసెంబరులో దాని మీదే కొత్త తీగ చుట్టారు. రాత్రంతా వెలుగుతూనే ఉంటుంది. పొద్దు గూకగానే సద్దుమణగాల్సిన గోరింకలు పదింటికి కూడా కొట్లాడుకుంటున్నాయి.

కరెంటు సంగతి కాదు పెద్దాయనా, మనం అడగాల్సింది ఇది. వీధిలో లైట్లకి పర్మిషన్ ఇచ్చేటప్పుడే విప్పే తారీఖు కూడా రాయించుకోవాలి, విప్పకపోతే కట్టినవాళ్ల దగ్గర ముందే తీసుకున్న డిపాజిట్ తిరిగివ్వకూడదు. చెట్టుకైతే మేకులొద్దు, పురికొసతో వదులుగా కొమ్మలకి వేయాలి, పదకొండింటికి ఆపేయాలి. మా ఇంట్లో లెక్క ముక్కనుమ, ఆ సాయంత్రానికి అన్నీ దిగిపోవాలి, అట్టముక్కకి చుట్టి పెట్టెలోకి. తప్పులు మేమూ చేశాం, దాచడమెందుకు. పోయినేడు రోడ్డు పక్కన చవగ్గా వచ్చిందని తెచ్చిన తీగ తులసికోటకి చుట్టాను, పొద్దున నీళ్లు పోయగానే జివ్వుమంది. బయట తడిసే చోట వేసేవి వేరే ఉంటాయని, అర్థింగ్ చూసుకోవాలని, మీటర్ దగ్గర షాక్ కొడితే పడిపోయే స్విచ్ ఉండాలని ఎలక్ట్రీషియన్ అబ్బాయి చివాట్లు పెట్టి మరీ బిగించి వెళ్లాడు.

ఆ ఉత్తరం రాసిన పెద్దాయన ఇరవై నాలుగో తారీఖు రాత్రి మా వైపు వస్తే టీ ఇస్తాం. పక్కింటివాళ్లు రోజ్ కుకీలు పంపుతారు, మన గులాబీ పువ్వులే, వాళ్లు అలా పిలుస్తారు. అడ్రసు అడగక్కర్లేదు, ఎర్ర స్టార్ రెండు వీధుల అవతల నుంచే కనిపిస్తుంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
సైనిక్‌పురి, సికింద్రాబాద్